నలుగురిలో ముగ్గురు

వరసగా మూడో ఆదివారం కూడా అన్నదమ్ములు రాలేదు.

అంతకుముందు రెండేళ్లలో ఒక్క ఆదివారం తప్పలేదు వాళ్లు. పెద్దన్నయ్య, చిన్నన్నయ్య, తమ్ముడు... ముగ్గురూ పళ్ల సంచితో వచ్చి, బైండింగు షాపులో కాగితాల బొత్తుల మధ్య స్టూళ్ల మీద కూర్చుని, "తిన్నావా చెల్లాయ్? మోకాలి నొప్పి తగ్గిందా?" అని అడిగి, చివరకు అదే కాగితం బయటికి తీసేవారు. నాన్న కట్టిన ఇల్లు కూల్చి కాంప్లెక్సు కడతారట. నాలుగు వాటాల వాళ్లూ సంతకం పెట్టాలట. ఆమె పెట్టేది కాదు. ముందు గదిలోని షాపు, నాన్న మంచాన పడ్డ తొమ్మిదేళ్లూ, ఆయన పోయాక పన్నెండేళ్లూ ఆమె చేతి మీదే నడిచింది. వీధంతా ఆమెను అట్టలమ్మ అంటారు. ఆ షాపే ఆమెకు అన్నం, వెనకగదే ఇల్లు. అన్నదమ్ములు మొహాలు వేలాడేసుకుని వెళ్లేవారు, మళ్లీ వారం వచ్చేవారు. వాళ్ల మీద విసుక్కునేది. అయినా ఆదివారం పొద్దున్నే స్టూళ్లు తుడిచి పెట్టేది!

సోమవారం టౌన్ ప్లానింగు ఆఫీసు బంట్రోతు వచ్చి గోడకు నోటీసు అంటించాడు. అతని దగ్గర జిగురు అయిపోతే ఆమెనే అడిగాడు. ఆమె డబ్బా, బ్రష్షు ఇచ్చింది. అంటించాక చదివింది.

"నేను సంతకం పెట్టలేదే! ఇదెలా వచ్చింది?"

"రూలు మారింది కదమ్మా. ఇదివరకు అందరూ ఒప్పుకోవాలి. కొత్త చట్టంలో నలుగురిలో ముగ్గురు చాలు. మన మున్సిపాలిటీ కూడా ఈ వీధిలో ఏడంతస్తులు వేసుకోమంది. అభ్యంతరముంటే పదిహేనో రోజున విచారణకొచ్చి చెప్పుకోండి." అతను బ్రష్షు కడిగి ఇచ్చి వెళ్లాడు.

ఆదివారాలు ఎందుకు ఆగిపోయాయో అప్పుడర్థమైంది ఆమెకు. ఒళ్లంతా మండిపోయింది.

ఆమె వెళ్లేసరికి పెద్దన్నయ్య ఇంట్లో ముగ్గురూ భోజనాల బల్ల మీద ప్లాను పరుచుకుని ఉన్నారు.

"రా చెల్లాయ్, కూర్చో. నిన్నేం రోడ్డున పడేస్తామా? మూడో అంతస్తులో గది ఇస్తాంలే," అన్నాడు పెద్దన్నయ్య.

"అట్టలు నొక్కే నా ప్రెస్సు ఇనుముతో పోత పోసింది అన్నయ్యా! మూడో అంతస్తుకి నువ్వు మోస్తావా? రిజిస్టర్లు నెత్తిన పెట్టుకొచ్చే గుమాస్తాలు ఎక్కుతారా?"

"లిఫ్టు ఉంటుందక్కా," అన్నాడు తమ్ముడు.

"నోర్ముయ్యరా! నీ స్కూలు పుస్తకాలన్నిటికీ అట్టలు వేసిన చెయ్యి ఇది. పళ్లు తెచ్చారు, మోకాలు అడిగారు... నా మీద ప్రేమనుకున్నానురా నేను! నా సంతకం మీదా మీ ప్రేమ? అది అక్కర్లేదనగానే నేను బతికున్నానో చచ్చానో కూడా అక్కర్లేకపోయిందా?"

"రూలు మేం రాశామా?" అన్నాడు చిన్నన్నయ్య. "ప్రభుత్వంతో పెట్టుకో, మాతో కాదు."

పెద్దవదిన టీ తెచ్చి ఆమె ముందు పెట్టింది. అట్టలమ్మ కోపం అటు తిరిగింది.

"నువ్వైనా ఒక్క మాట అనలేదేం వదినా? పాతికేళ్లుగా ఈ ఇంట్లో కప్పులు మోయడమేనా నీ పని?"

వదిన ఆమె వంక చూసింది. ముట్టని కప్పు తీసుకుని లోపలికి వెళ్లిపోయింది.

విచారణ రోజున అధికారి బల్ల మీదున్న రిజిస్టరును అట్టలమ్మ గుర్తుపట్టింది. నిరుడు తను కుట్టినదే. ఆయన దాన్ని తెరిచి, దరఖాస్తుతో సరిచూసి, తలెత్తాడు.

"మొదటి వాటా ఒక ఆవిడ పేరు మీద ఉంది. ఇక్కడ మగవారి సంతకం ఉందే?"

పెద్దన్నయ్య నవ్వాడు. "మా ఆవిడేనండీ. ఆడవాళ్ల పేరైతే రిజిస్ట్రేషన్ ఫీజు తగ్గుతుందని అప్పట్లో అలా రాయించా. వాటా నాదే."

"రికార్డులో ఆవిడదే. ఆవిడ సంతకం కావాలి."

"దానికేం తెలుసండీ, ఇంట్లో ఉంటుంది. సాయంత్రం పెట్టించుకొస్తా."

"ఇక్కడే ఉన్నాను," అంది పెద్దవదిన గుమ్మంలోంచి.

బస్సు దిగి నేరుగా వచ్చినట్టుంది. చేతిలో ఆఫీసు నుంచి వచ్చిన నోటీసు కవరు. "పాతికేళ్లలో నా పేరు మీద మొదటి ఉత్తరం ఇది. చదివాను. దరఖాస్తు కూడా చదవనివ్వండి."

పదకొండు పేజీలూ నిలబడే చదివింది. పెద్దన్నయ్య పెన్ను చాపాడు. ఆమె అందుకోలేదు.

"పెట్టను."

"ఏంటే ఇది! నలుగురిలో పరువు తీస్తావా?"

"అరవకండి, ఇది ఆఫీసు. ఆ రోజు నా పేరు రాయించినప్పుడు చదవనివ్వలేదు మీరు. పెట్టమన్నచోట పెట్టాను. ఇప్పుడు నా పేరు పక్కన మీరే పెట్టేసుకున్నారు... ఒక్క మాట అడగకుండా! నేను లేనా? మీ కంటికి నేను ఆనలేదా?"

అధికారి దరఖాస్తు మీద అడ్డంగా గీత కొట్టాడు. నలుగురిలో ఇద్దరే మిగిలారు.

వరండాలో అట్టలమ్మ ఆమె చేతులు పట్టుకుంది. కళ్లు నిండిపోయాయి. "వదినా... నా కోసం..."

"నీ కోసం కాదమ్మాయ్," అంది వదిన చేతులు విడిపించుకోకుండానే. "కప్పులు మోసేదాన్నన్నావు చూడు. ఆ మాటకు వారం రోజులు నిద్రపట్టలేదు. నీ మీద కోపంతో కాదు... అది నిజమని!"

ఆదివారం వచ్చింది. పదింటికి వదిన ఒక్కతే షాపులోకి వచ్చి స్టూలు లాక్కుంది.

"మరుదులిద్దరూ దిగారు మా ఇంటికి. పళ్ల సంచితో. 'వదినా, మోకాళ్లెలా ఉన్నాయి' అంటున్నారు!"

ఇద్దరికీ నవ్వాగలేదు. కాసేపటికి వదినే ఆపింది.

"రేపు సగం మంది చాలని ఇంకో రూలు తెస్తారేమో అమ్మాయ్."

"తేనీ. పదిహేను రోజులు ఇస్తారుగా. ఇద్దరం వెళ్లి అరుద్దాం."

అట్టలమ్మ లోపలికెళ్లి టీ పెట్టుకొచ్చింది. తాగడం అయ్యాక వదిన అలవాటుగా రెండు కప్పులూ అందుకోబోయింది.

"కూర్చో," అంది అట్టలమ్మ. "నేను తీస్తాను."