మూడు చక్రాల బండి కింద

ఆ ఉదయం కోడలు ఉతికిన బట్టల బకెట్టుతో పెరట్లోకి వచ్చేసరికి రేకుల షెడ్డులోంచి ఏ చప్పుడూ రావడం లేదు. అదే ఆమెకు వింతగా తోచింది. మామగారు షెడ్డులో ఉన్నారంటే పానా కిందపడిన చప్పుడో, దగ్గో, లేకపోతే బండిని ముద్దుగా తిట్టే తిట్లో వినబడుతూనే ఉంటాయి. భర్త ప్రింటింగ్ ప్రెస్సుకు వెళ్ళిపోయాడు. మందుల షాపులో తన డ్యూటీ మధ్యాహ్నం నుంచి. ఇంట్లో ఉన్నది తామిద్దరే.

మామగారు బోర్డులు రాసే పెయింటరు. నిచ్చెన మీంచి పడ్డప్పటి నుంచి ఎడమకాలు సరిగా ఆనదు. మామూలు బండిని కాలు ఆనించి నిలపలేక, వెనక రెండు చక్రాలున్న మోటార్ సైకిల్ కొనుక్కున్నారు. రంగు డబ్బాలు వెనక పెట్టెలో వేసుకుని, ఒకరి సాయం అడక్కుండా ఊరంతా తిరుగుతారు. కొడుక్కి మాత్రం ఆ బండిని చూస్తేనే ఒళ్ళు మంట. వెనక చక్రంలో గరగరమని చప్పుడొస్తోంది, ఆదివారం కాస్త బండి లేపి పెట్టరా అని తండ్రి అడిగితే, ఈసారి నేను దాన్ని ముట్టుకుంటే అమ్మడానికే అన్నాడు. మెకానిక్కుకి అప్పగిస్తే కొడుకు అటునుంచటే అమ్మేయిస్తాడేమోనని పెద్దాయన భయం.

"మామయ్యా" అని పిలిచింది. పలకలేదు. షెడ్డులోకి తొంగి చూసింది.

బండి ఒక పక్కకు ఒరిగి ఉంది. జాకీ పక్కకు పడిపోయి ఉంది. మామగారు వెల్లకిలా పడి ఉన్నారు, తల మాత్రం బయట, కాళ్ళ నుంచి భుజం దాకా బండి కిందే. కళ్ళు తెరిచే ఉన్నాయి.

బకెట్టు ఎక్కడ వదిలేసిందో ఆమెకే తెలియలేదు. ఒక్క ఉరుకున వెళ్ళి బండిని పైకెత్తబోయింది.

"బండి ముట్టుకోకు." గొంతు పీలగా వచ్చింది. "బండి ఆనుకున్న పై ఇటుక పగిలింది. కదిపితే మీద పడుద్ది."

అప్పుడు చూసిందామె. ఇరుసు కింద ఆయన పేర్చుకున్న ఇటుకల్లో పైది అడ్డంగా చీలి, ఆ రెండు ముక్కల మీదే బండి బరువంతా ఆగి ఉంది. చట్రం ఆయన ఎడమ భుజాన్ని నేలకు అదిమి పట్టింది. ఎవరినైనా పిలుచుకొస్తానంది. ఈలోగా బండి కదిలితే ఎట్లాగమ్మా అన్నారాయన.   ఆమె ఆయన చెప్పినట్టే చేయడం మొదలుపెట్టింది.

ముందు చక్రానికి అటూ ఇటూ అడ్డం పెట్టమన్నారు. హ్యాండ్ బ్రేకు వేసే ఉంది కదా అని ఆమె అడిగింది. ఆ బ్రేకు పట్టేది వెనక చక్రాలనే. వాటిని గాల్లోకి లేపేశాక ఇక బండిని ఆపేదేమీ ఉండదు. షెడ్డు నేల వాకిలి వైపు కాస్త వాలుగా ఉంది. ముందు చక్రం దొర్లింది, జాకీ పడింది. అంతా చెప్పి "నాకు తెలిసిందే. తొందరపడ్డాను" అన్నారాయన.

ఆమె పెరట్లోంచి రెండు రాళ్ళు తెచ్చి, ముందు చక్రానికి ముందొకటి, వెనకొకటి బిగించింది. మూలనున్న పాత బోర్డుల మందపాటి చెక్కముక్కలను ఆయన మెడ పక్కగా, తన చేయి బండి కిందికి పోకుండా, కర్రతో మెల్లగా తోస్తూ చట్రం కింద పేర్చింది. ఇటుక కటుక్కుమంది.  బండి రవ్వంత దిగి చెక్కల మీద ఆగింది. ఆ తర్వాత జాకీని ఒక వెడల్పు పలక మీద, చట్రానికి సరిగ్గా మధ్యలో నిలబెట్టి, పక్కన నిలబడి మర తిప్పసాగింది. అరచేతులు చెమటకు జారిపోతుంటే చీరకొంగు చుట్టుకుని తిప్పింది. చట్రం వెంట్రుకవాసి చొప్పున లేచింది. లేచిన కొద్దీ కింద మరో చెక్క తోసింది. భుజానికి సందు దొరకగానే ఆయన మోచేత్తో నేలను నెట్టుకుంటూ బయటికి పాకారు.

ఆమె అక్కడే చతికిలబడింది. 

"ఎంతసేపట్నుంచి ఉన్నారు మామయ్యా? నేను వంటింట్లోనే ఉన్నాగా, ఒక్క కేక వేయొచ్చు కదా?"

ఆయన భుజం తడుముకుంటూ, అబ్బాయికి చెప్పొద్దమ్మా అన్నారు. ఆయన ముఖం చూసి సరేనంది. ఎంత బతిమాలినా డాక్టరు దగ్గరికి రానన్నారు. మధ్యాహ్నం ఆమె షాపుకు వెళ్ళిందన్నమాటే గానీ, ఒకరి మందులు ఒకరికిచ్చి తిట్లు తింది. ఇంటికి ఫోన్ చేసి ఆయన గొంతు వినేదాకా ప్రాణం కుదుటపడేది కాదు. పెట్టేశాక మళ్ళీ మొదలు.

సాయంత్రం ఆమె షాపు నుంచి వచ్చిన కాసేపటికి భర్త హుషారుగా వచ్చాడు. ప్రెస్సులో బైండింగు చేసే ఆయన బావమరిదికి బండి కావాలట, రేపు చూడ్డానికి వస్తారట. ఇవ్వనని తండ్రి అన్నారు. ఈ విషయంలో నీ మాట వినేది లేదని కొడుకు అన్నాడు. మాటా మాటా పెరిగింది. కోపంగా లేవబోయిన పెద్దాయన భుజం పట్టేసి మళ్ళీ కూలబడ్డారు. చొక్కా పక్కకు జరిగి, మెడ కింద కమిలిన నల్లటి మచ్చ బయటపడింది.

"ఏంటిది నాన్నా?"

"తలుపు తగిలింది."

భర్త ఆమె వైపు తిరిగాడు. మామగారు కూడా ఆమె వైపే చూస్తున్నారు. ఆమె ఇద్దరినీ చూడలేక తల దించుకుని, పొద్దున జరిగిందంతా పూసగుచ్చినట్టు చెప్పేసింది.

భర్త ముఖంలో నెత్తురుచుక్క లేదు.  ఆ తర్వాత అరిచాడు. నిచ్చెన మీంచి పడ్డనాడు ఆసుపత్రి వరండాలో తను ఎట్లా కూర్చున్నాడో ఎవరికైనా తెలుసా అని అరిచాడు. ఫోన్ మోగితే చాలు, నీకేదో అయిందనే అనుకుంటానని అరిచాడు. ఇన్నాళ్ళూ అతనిలో కోపమని తను అనుకున్నది అసలు కోపమే కాదని ఆమెకు అప్పుడర్థమైంది.

"రేపే పోతుంది ఆ బండి" అన్నాడు చివరికి.

పెద్దాయన మెల్లగా చెప్పారు. "అందుకేరా పిలవంది."

"ఏంటి?"

"అమ్మాయి వంటింట్లో గిన్నెలు సర్దుకోవడం నాకు వినపడుతూనే ఉంది. పిలుద్దామని నోటిదాకా వచ్చింది. పిలిస్తే నీకు తెలుస్తుంది, తెలిస్తే బండి పోతుంది. బండి పోతే నేనీ గుమ్మం దాటేది ఎవరి చేయో పట్టుకునే. అందుకని పళ్ళు బిగబట్టుకుని పడుకున్నాను. భయం లేక కాదురా. చచ్చేంత భయమేసింది."

 భర్త వెళ్ళి తండ్రి ముందు నేల మీద కూర్చున్నాడు. ఆయన మోకాళ్ళ మీద తల ఆనించేశాడు. అతని వీపు ఎగసిపడుతుంటే పెద్దాయన మంచిచేత్తో జుట్టు నిమిరారు. "నన్ను పిలవడానికి భయపడ్డావా నాన్నా" అని మాత్రం వినపడింది ఆమెకు, అదీ సగం సగం.

ఆ వెంటనే తండ్రిని ఆసుపత్రికి తీసుకెళ్ళి భుజం చూపించాడు. ఎముక విరగలేదన్నారు. బైండింగు ఆయనకు బండి అమ్మడం లేదని చెప్పేశాడు. ఆదివారం బరువైన ఇనుప స్టాండ్లు రెండు కొనుక్కొచ్చాడు.

బండిని షెడ్డులోంచి తీసి, చదునుగా ఉన్న సిమెంటు నేల మీదికి తెచ్చారు. పెద్దాయన స్టూలు మీద కూర్చుని ఒక్కొక్కటే చెప్పారు, కొడుకు చేశాడు. ముందు చక్రానికి రెండు వైపులా దిమ్మెలు బిగించాడు. చట్రం మధ్యలో జాకీ పెట్టి మెల్లగా లేపాడు. చెరో వైపూ స్టాండు పెట్టి, బరువంతా వాటి మీదికి దింపాడు. ఆఖర్న పట్టుకుని ఊపమన్నారు. ఊపాడు. కదల్లేదు.

అతను బండి కింద పడుకోబోతుంటే పెద్దాయన గొంతు మారిపోయింది. "ఆగు. మళ్ళీ ఒకసారి ఊపు."

మళ్ళీ ఊపాడు. అప్పుడు వెళ్ళనిచ్చారు. కింద పానా తిరుగుతున్న చప్పుడు వచ్చింది, ఆగింది. పెద్దాయన స్టూలు మీంచి ముందుకు వంగారు.

"ఒరేయ్, ఊరికే ఉండకు. ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండు."

"ఏం మాట్లాడను నాన్నా?"

"ఏదైనా. గొంతు వినపడాలంతే."

కొడుకు మొదలుపెట్టాడు. ప్రెస్సులో పెళ్ళికూతురి పేరు తప్పు పడి శుభలేఖలన్నీ మళ్ళీ వేసిన సంగతి చెప్పాడు. తండ్రి తను ఒకసారి బడి బోర్డు మీద అక్షరం మింగేసిన కథ ఎత్తుకున్నారు. వంటింటి కిటికీలోంచి కోడలికి ఇద్దరి గొంతులూ వినిపిస్తున్నాయి. గిన్నె కడుగుతూ కడుగుతూ కుళాయి కట్టేసింది, నీళ్ళ చప్పుడులో ఒక్క మాటా పోకుండా. చాలాసేపటికి పెద్దాయన నవ్వారు. బండి కిందనుంచి కొడుకు కూడా నవ్వాడు.

ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకుని, అక్కడే నిలబడి వింటూ ఉండిపోయింది.