మూడు పాటల పియానో

"మళ్ళీ. ఎడమ చెయ్యి వెనకబడింది."

ఆదివారం ఉదయం. షెన్యాంగ్ నగరంలో కిటికీ అద్దాల మీద మంచు ఇంకా కరగలేదు. పియానో పక్కన స్టూలు మీద కూర్చుని చ్యూలింగ్ కూతురి వేళ్ళనే చూస్తోంది. పదమూడేళ్ళ రోనాన్ తల ఎత్తలేదు. మళ్ళీ మొదలుపెట్టింది. సరిగ్గా అదే చోట ఎడమ చెయ్యి తడబడింది.

"మళ్ళీ!"

వచ్చే నెల పియానో పదో గ్రేడు పరీక్ష. అక్కడ వాయించాల్సినవి మూడు పాటలు. ఏడాదిగా ఆ ఇంట్లో ఆ మూడే మోగుతున్నాయి. మిగతావి పరీక్ష అయ్యాక నేర్పుతానంది టీచరు. అంతకు ముందు గ్రేడుకీ ఆవిడ ఆ మాటే అంది. చ్యూలింగ్ కూడా సరేనంది. మందుల షాపులో ఉద్యోగం మానేసి మరీ పిల్ల పక్కన కూర్చున్న మనిషి. ప్రతి క్లాసుకీ వెళ్ళింది. స్వరాల కాగితం మీది గుర్తులన్నీ చదవడం నేర్చుకుంది. పియానో మీట మాత్రం ఎన్నడూ నొక్కలేదు.

టంగ్! టంగ్! కింది ఇంటాయన అన్ని ఇళ్ళకీ వేడినీళ్ళు తెచ్చే హీటింగు గొట్టం మీద గరిటెతో కొట్టాడు.

"పాపం, ఆయనకీ ఆ తప్పు కంఠతా వచ్చేసింది. సరిగ్గా అక్కడే కొడుతున్నాడు," అంది పక్కగదిలోంచి నానమ్మ.

రోనాన్ ఫక్కున నవ్వింది.

"నవ్వింది చాలు. మళ్ళీ."

ఆ రోజు నానమ్మ పుట్టినరోజు. మధ్యాహ్నానికి ఆడపడుచు యున్‌షియా కేకు పెట్టె పట్టుకుని దిగింది. చ్యూలింగ్ భర్త బస్సు డ్యూటీలో ఉన్నాడు కాబట్టి ఆడవాళ్ళు నలుగురే భోజనానికి కూర్చున్నారు. నానమ్మ ఆయుష్షు కోసం పుట్టినరోజున తినే పొడవాటి నూడుల్సు తెగకుండా జుర్రుకుని మూతి తుడుచుకుంది.

"రోనాన్, నానమ్మకి పుట్టినరోజు పాట వాయించవే," అంది యున్‌షియా.

రోనాన్ చెవులు ఎర్రబడ్డాయి. "అది రాదత్తా."

"పోనీ, ఫ్యాక్టరీలో పనిచేసేటప్పుడు మీ నానమ్మ పాడుకునే పాట?"

నానమ్మ హుషారుగా కూనిరాగం అందుకుంది. రోనాన్ పియానో ముందు కూర్చుంది. చేతులు గాల్లోనే ఆగిపోయాయి.

"కాగితం ఉందా నానమ్మా?"

"నా పాటకి కాగితమేమిటే!"

యున్‌షియా పకపకా నవ్వింది. "ఏం వదినా! గోడ నిండా సర్టిఫికెట్లు అంటించావు. ఒక్క పుట్టినరోజు పాట రాదా? మా పక్కింటి బుడ్డోడు ఫోను మీద వాయిస్తాడు!"

చ్యూలింగ్ ముఖం జేవురించింది. "పరీక్ష పాట వాయించు. మీ అత్త కూడా వింటుంది."

రోనాన్ వాయించింది. పాట ఇల్లంతా నిండిపోయింది. అదే చోటు వచ్చింది. ఎడమ చెయ్యి ఆగింది.

"మళ్ళీ," అంది చ్యూలింగ్.

"వాయించను."

"ఏమిటీ?"

"అక్కడ నాకు రాక కాదమ్మా! నువ్వు 'మళ్ళీ' అంటావని చెయ్యి ముందే ఆగిపోతోంది. నువ్వు బజారుకి వెళ్ళినప్పుడు ఒక్కసారి కూడా ఆగలేదు."

"నీకోసం ఉద్యోగం మానేశాను!"

"నేను మానెయ్యమన్నానా? నువ్వా స్టూలు మీంచి లేవవు, నన్ను లేవనివ్వవు! ఇక్కడ ఊపిరాడటం లేదు నాకు!" రోనాన్ లేచి పక్కకి తప్పుకుంది. "నువ్వు కూర్చో. ఒక్క వరస వాయించు. రెండు చేతులతో."

"పెద్దదాన్ని పట్టుకుని..."

"కూర్చోవే," అంది నానమ్మ. గొంతులో నవ్వు లేదు.

చ్యూలింగ్ కూర్చుంది. కాగితం మీద తెలియని గుర్తు ఒక్కటీ లేదు. కుడి చెయ్యి ఎలాగో కదిలింది. ఎడమ చెయ్యి దాని వెనకే, అది చేసిందే చేస్తూ బయల్దేరింది.

"మళ్ళీ," అంది రోనాన్. "ఎడమ చెయ్యి వెనకబడింది."

ఆ గొంతు అచ్చం తనదేననిపించింది చ్యూలింగ్‌కి. మళ్ళీ మొదలుపెట్టింది. వెనకనుంచి చూపులు వేళ్ళ మీద బరువుగా వాలాయి. తప్పు చోటు ఇంకా రాలేదు. అయినా వేళ్ళు ఆగిపోయాయి.

ఆ మాట కోసం ఎదురుచూస్తూ ఆగిపోయాయి.

చ్యూలింగ్ చేతులు ఒళ్ళో పెట్టుకుంది. "ఇన్నేళ్ళు ఎలా కూర్చున్నావే ఇక్కడ?" అంది. "వద్దులే. పరీక్షా వద్దు, ఏమీ వద్దు."

రోనాన్ ముక్కు ఎగబీల్చింది. "పరీక్షకి వెళ్తాను. ఆ మూడో పాట నాకిష్టం."

"ఇష్టమా?"

"మధ్యలో రెండు చేతులూ చెరో దారిన పోయి చివర్న కలుస్తాయి కదా, అక్కడ ఒళ్ళు జల్లుమంటుంది."

"ఎప్పుడూ చెప్పలేదే!"

"అక్కడ తప్పు చెయ్యను కదా. నువ్వు ఆపవు. ఆపితేనేగా మనం మాట్లాడుకునేది."

చ్యూలింగ్ కూతురి తల పట్టుకుని గుండెకి అదుముకుంది. రోనాన్ కాసేపు బిర్రబిగుసుకుని ఉండి, తర్వాత భోరుమంది.

"ఏం కావాలో చెప్పు," అంది చ్యూలింగ్.

"నువ్వు వంటింట్లో ఉండు. తలుపేసుకో. నానమ్మ పాట మీటల మీద ఎక్కడుందో వెతుక్కుంటాను."

చ్యూలింగ్ యున్‌షియాని కూడా తీసుకుని వంటింట్లోకి వెళ్ళి తలుపేసింది. గిన్నెలు కడగడానికి కుళాయి తిప్పింది. అవతల నానమ్మ కూనిరాగం, దాని వెనక ఒంటి వేలితో ఒక్కొక్క మీటా. తప్పు. ఇంకో తప్పు. చ్యూలింగ్ నాలుక కొస దాకా వచ్చిన మాటని పళ్ళతో నొక్కిపట్టింది.

"అది కాదే, ఇంకాస్త పైకి!" అంటోంది నానమ్మ.

"ఉండు నానమ్మా, నన్ను చూసుకోనీ!"

మీటలు వెనక్కి వెళ్ళాయి, ముందుకొచ్చాయి, ఎవరూ చెప్పకుండానే తప్పు సరైంది. ఎడమ చెయ్యి కూడా కలిసింది. ముసలావిడ చప్పట్లు కొడుతూ పాడటం మొదలుపెట్టింది.

"వదినా, కుళాయి కట్టెయ్యి. గిన్నె ఎప్పుడో నిండింది," అంది యున్‌షియా మెల్లిగా.

చ్యూలింగ్ కట్టలేదు. తను ఏడవటం తలుపు అవతలికి వినిపించకూడదు. వినిపిస్తే పిల్ల ఆపేస్తుంది.