మూలపత్రం

2074లో విశాఖపట్నంలోని ఆ నాడీ చికిత్సాలయం ముందు పోలీసు వ్యాను లేని రోజు ఉండేది కాదు. వైద్యానికి జంటగా వచ్చినవాళ్ళు వెళ్ళేటప్పుడు వేరువేరు బళ్ళెక్కేవారు. లోపల కుర్చీలన్నీ నేలకి బిగించేశారు. విడిగా ఉంటే విసిరేసుకుంటున్నారని.

దీనంతటికీ కారణం డాక్టర్ వకుళ కనిపెట్టిన యంత్రం.

హెర్పిస్ వైరస్ ఒకసారి ఒంట్లోకి వస్తే పోయేది కాదు. పెదవి మీద పొక్కు మానినా, అది నరాల ముడుల్లోకి పోయి నిద్రపోతుంది. ఒంట్లో సత్తువ తగ్గినప్పుడు మళ్ళీ లేస్తుంది. పాత మందులు లేచిన వైరస్‌ని అణిచేవేగాని, నిద్రపోతున్నదాని జోలికి పోలేకపోయేవి. వకుళ ఇరవై రెండేళ్ళు శ్రమపడి తయారుచేసిన ‘నాడీశోధిని’ ఆ ముడుల్లోకే వెళ్ళి, జన్యు కత్తెరతో వైరస్‌ని ముక్కలు చేసేస్తుంది. అయితే ఆ కత్తెర తయారవ్వాలంటే రోగి ఒంట్లోని వైరస్‌ని అక్షరం అక్షరం చదవాలి. చదివినదాన్ని, వైరస్ సోకినవాళ్ళ నమూనాలున్న జాతీయ రిజిస్టరుతో పోల్చి చూస్తే, అది ఎవరి నుంచి వచ్చిందో కూడా తేలిపోయేది. ఆ కాగితాన్ని మూలపత్రం అన్నారు. అడిగి తీసుకోవడం రోగి హక్కని చట్టం కూడా వచ్చింది.

ఆ జూన్‌లో సుభాషిణి వచ్చింది. ఓడరేవులో క్రేను నడుపుతుంది. వైరస్ కుడి కంటి నల్లగుడ్డుని తినేసింది. ఎడమ కన్ను కూడా ఎర్రబడుతోంది. వెంట భర్త గౌరీశ్వర్.

"ముందు మూలపత్రం. తర్వాతే వైద్యం," అన్నాడతను కూర్చోకుండానే.

"రెండో కన్ను కూడా పోయేలా ఉందండీ," అంది వకుళ.

"నా ఒంట్లో ఆ పురుగు లేదు, పరీక్ష చేయించుకున్నాను. మరి ఈవిడకి ఎక్కణ్ణించి వచ్చినట్టు?"

సుభాషిణి అతని వైపు తిరగలేదు. "ఆ కాగితమేదో ఇచ్చెయ్యండి మేడమ్. లేకపోతే ఈయన నన్ను బతకనివ్వడు," అంది.

యంత్రం చదివింది. తెర మీద పేరు వకుళకి మాత్రమే కనిపించింది. ఎవరో మగవాడి పేరు. ఎంగిలి గ్లాసులోంచి వచ్చిందో, చిన్నప్పటి ఆటల్లో వచ్చిందో, ఇంకెలా వచ్చిందో యంత్రం చెప్పలేదు. గౌరీశ్వర్‌కి ఆ తేడాలతో పనిలేదు.

"పసితనంలో, తల్లి నుంచి," అంది వకుళ. "ముద్దు పెట్టుకున్నప్పుడు అంటుకుని ఉంటుంది."

గౌరీశ్వర్ కోపం చల్లారలేదు గాని, తిట్టడానికి ఎదురుగా మనిషి లేకుండా పోయింది. "ఆవిడ పోయి పదేళ్ళయింది," అని గొణిగి కూర్చున్నాడు. సుభాషిణి ఎడమ కన్ను దక్కింది.

ఇకపై అన్ని శాఖల్లోనూ ప్రతి మూలపత్రంలో అదే మాట రాయమని వకుళ యంత్రానికి చెప్పింది. పాత తరం ఆడవాళ్ళ నమూనాలు రిజిస్టరులో లేవు కాబట్టి ఎవరూ పట్టుకోలేరు. ఆర్నెల్లలో పోలీసు వ్యాను రావడం మానేసింది. రెండేళ్ళలో నాలుగు లక్షల మందికి నయమైంది.

కోపం మాత్రం ఎక్కడికీ పోలేదు. ఇప్పుడు కొడుకులూ కూతుళ్ళూ తల్లుల్ని నిలదీయసాగారు. చూపు పోయిన ఒకతను అరవై ఏళ్ళ తల్లి మీద కేసు వేశాడు. ఆస్పత్రుల్లో బాలింత మూతికి మాస్కు ఉంటే తప్ప బిడ్డని చేతికివ్వడం లేదు. వకుళ ఇవన్నీ వార్తల్లో చూస్తూనే ఉంది. నిజం బయటపెడితే నాలుగు లక్షల ఇళ్ళలో పాత గొడవ మొదలవుతుందని ఊరుకుంది.

ఒకరోజు పొద్దున్నే ఆమె కూతురు తనూజ వచ్చింది. రాజమండ్రి శాఖలో వైద్యం చేయించుకుని, చేతిలో మూలపత్రంతో.

"పుట్టిన పన్నెండో రోజున మా పాపకి ఫిట్స్ ఎందుకొచ్చాయో తెలిసింది," అంది తనూజ. "నా పెదవి మీది పొక్కు వల్ల. ఆరో నెల వచ్చినా దానికి మెడ నిలవట్లేదు. నాకు ఎవరిచ్చారో ఇందులో ఉంది."

వకుళ కాగితం కోసం చెయ్యి చాచింది, తనూజ ఇవ్వలేదు.

"మిగతా అమ్మలకి తెలీదు. నీ చదువే అది. తెలిసి తెలిసీ ముద్దు పెట్టావా?"

వకుళకి ఆ వైరస్ ఎన్నడూ సోకలేదు. ఒక్క రక్తపు చుక్కతో రుజువు చేయగలదు. చేస్తే కూతురి చేతిలోని కాగితం అబద్ధమని తేలుతుంది, దాంతోపాటు నాలుగు లక్షల కాగితాలూ.

"ముద్దొచ్చావు. పెట్టాను," అంది.

"ఇక మా ఇంటికి రాకు. పాపని చూస్తానని అడగకు." తనూజ కాగితం బల్ల మీద పడేసి వెళ్ళిపోయింది.

కాసేపటికి యంత్రం మాట్లాడింది. "డాక్టర్, తొలి ప్రయోగాలప్పుడు మీరిచ్చిన రక్తంలో ఈ వైరస్ లేదు. తనూజ గారికి తెలియజేయమంటారా?"

"వద్దు."

"అసలు మూలపత్రం నా దగ్గరుంది. అందులో వేరే పేరుంది. చెరిపేయమంటారా?"

ఎలా అంటిందో యంత్రానికి తెలియదని వకుళకి తెలుసు. పేరు వింటే ఆ మనిషిని తను జన్మలో క్షమించలేననీ తెలుసు. అప్పుడే అల్లుడి మొహం కళ్ళముందు మెదిలింది.

ఆమె లేచి వెళ్ళి తలుపు గడియ పెట్టి వచ్చింది.

"ఎవరు?" అంది.