రేకు తప్పిన పూవు

"మీ డాబీకి పానం మంచిగ లేదు. మల్ల రేకు తప్పింది, సూడుండ్రి!" అంటూ బాలలక్ష్మి మగ్గం మీది చీర అంచును వేలితో చూపింది.

సిద్దిరాములు సైకిల్‌ను బయట గోడకు ఆనించి వచ్చి చూశాడు. వరసగా పూలన్నీ చక్కగా ఉన్నాయి. చివరిదానికి మాత్రం ఒక రేకు లేదు.

"నేను తొక్కితే మంచిగనే వడుతున్నది గదా."

"అంటే తప్పు నాదంటరా?"

"నేనట్ల అనలే," అని నవ్వాడు. ఆమె మాత్రం మూతి ముడుచుకుంది.

సిరిసిల్లలోని ఆ వాడలో కొత్త డాబీ యంత్రం ఎక్కిన మొదటి మగ్గం ఆమెదే. ఇదివరకు అంచు పూల కోసం దారాలను చేత్తో లేపేది. ఇప్పుడు మగ్గం మీద మేకులు గుచ్చిన చెక్క పట్టీల దండ వేలాడుతోంది. కాలికింది చెక్కను తొక్కితే ఒక పట్టీ తిరిగి, ఏ దారాలు లేవాలో అదే చూసుకుంటుంది. దాన్ని బిగించింది నేత సంఘం మెకానిక్ సిద్దిరాములు. బిగించిన నాటి నుంచీ ఇదే తంటా.

రేపటిలోగా బాగుకాకపోతే సంఘంవాళ్లు డాబీని విప్పి సుల్తానాబాద్ పంపుతారట, దానితో పాటు అతన్నీ. పోనీ బాగైతే? అతనికిక ఈ ఇంట్లో పనుండదు. ఎటు తిరిగినా ఆ సైకిల్ ఈ వాడకు రాదు. మగ్గం గుంటలో కూర్చుని పాపం బాలలక్ష్మి ఈ లెక్కే వేసుకుంటోంది.

బాపు పోయినప్పటి నుంచి తల్లి శంకరవ్వ నోరు విప్పడం మానేసింది. అరుగు మీద ఆమె రాట్నం, లోపల బాలలక్ష్మి మగ్గంలో అటూ ఇటూ పరుగెత్తే నాడె. రోజంతా ఇంట్లో ఆ రెండు చప్పుళ్లే. మొన్న స్ప్రింగు మారుస్తూ సిద్దిరాములు తలెత్తకుండానే, "తిన్నరా?" అని అడిగాడు. ఎంత కాలానికి విన్న మాట! బాలలక్ష్మికి ఆ పూటంతా కళ్లు చెమ్మగిల్లుతూనే ఉన్నాయి.

బయట వాన మొదలైంది. అతను మేకులన్నీ తడిమి చూశాడు, తాళ్లు మార్చాడు, ఆమెను నేయమని ఎదురుగా కూర్చున్నాడు. ఒక్క రేకూ తప్పలేదు.

"నేనుంటే తప్పది, పోతే తప్పుతది. దీనికి నేనంటే భయమా ఏంది?"

"భయం గాదు, సిగ్గేమో," అనేసి నాలుక కరుచుకుంది బాలలక్ష్మి.

అతను పనిముట్లు సర్దుకోసాగాడు. "రేపు విప్పుతరు. నాదేమున్నది, ఏ ఊరైనా రూమే గదా. మంచిర్యాలల ఇంటికి తాళం వడ్డది. ఉన్న ఒక్క అక్క జైనూర్‌ల ఉంటది. గీ ఊర్లె నాకు చాయ్ ఇచ్చింది మీరొక్కలే."

బాలలక్ష్మి మళ్లీ నాడె అందుకుంది. చెక్క తొక్కింది.

అప్పుడే వాడలో సైకిల్ గంట మోగింది. ఎవరో పోస్టుమ్యాన్. ఆమె తల గుమ్మం వైపు తిరిగింది, కాలు సగంలో ఆగింది. పైన పట్టీ పూర్తిగా తిరగకుండా నిలిచిపోయింది. పూవుకు రేకు తప్పింది.

"కాలెందుకు ఆపిండ్రు?"

ఏమో! కాలు ఆగిందన్న సంగతే ఆమెకు తెలియదు.

అరుగు మీద రాట్నం ఆగింది. "గల్లీల గంట మోగినప్పుడల్లా గట్లనే ఆగుతది కొడుకా," అంది శంకరవ్వ. "నువ్వే వస్తున్నవేమోనని."

బాలలక్ష్మికి గుంట ఇంకాస్త లోతుగా ఉంటే బాగుండుననిపించింది. అవ్వ మాట్లాడిందని సంతోషపడాలో, ఈ మాటే దొరికిందా అని ఏడవాలో తెలియలేదు.

సిద్దిరాములు చేతిలోని పానా కింద పెట్టాడు. "నాకోసం ఎవలూ గిట్ల ఎదురుసూడలే," అన్నాడు మెల్లగా. అరుగు వైపు తిరిగాడు. "అవ్వా, సంఘమోళ్లకు ఏం జెప్పాలె?"

"తప్పు దొరికిందని చెప్పు."

"ఎట్ల బాగు జేసినవంటే?"

"సైకిల్‌ను ఇంట్లకు తెచ్చుకున్నమని చెప్పు. మీ అక్కను రమ్మను, మాట్లాడుకుందం."

అతను వానలోకి వెళ్లి, తడిసిన సైకిల్‌ను గడప దాటించి తెచ్చి మగ్గం పక్కన నిలబెట్టాడు.

పోస్టుమ్యాన్ తిరిగి వెళుతూ మళ్లీ గంట కొట్టాడు. బాలలక్ష్మి కాలు ఆగలేదు.

"తిన్నరా?" అని అడిగింది, తలెత్తకుండానే.