నెరిస్సా శ్లాబు మీద బూటు ముద్ర

నెరిస్సా తడిలో దిగబడకుండా మోకాళ్ల కింద వేసుకునే చెక్కలు సర్దుకుని తలెత్తేసరికి ఆమె పచ్చి కాంక్రీటు శ్లాబు మీద లోతుగా ఒక బూటు ముద్ర పడి ఉంది. ముద్రలో బూటు, బూటులో తోటి అప్రెంటిస్ ఎమిల్ కోజాక్.

"ఆరిందో లేదో చూశాను," అన్నాడు.

"ఎవరిది?"

అతను కిందికి చూశాడు. తర్వాత పక్క శ్లాబు వైపు చూశాడు. తనది అది.

అడుగు వేసి చూడటం కాంక్రీటు నునుపు చేసే ఈ పనిలో తప్పు కాదు. ముద్ర లోతును బట్టే తాపీ ఎప్పుడు పట్టాలో తెలుస్తుంది. కాని ఎవరి కాంక్రీటు మీద వాళ్లే, అదీ అంచున, అడుగు వేస్తారు. మిల్వాకీలో యూనియన్ నడిపే ఆ శిక్షణ కేంద్రంలో మొదట నేర్పేది అదే. అప్రెంటిస్‌లు వారమంతా జీతం మీద సైట్లలో పనిచేసి, శనివారం అక్కడికి వస్తారు. ఆ రోజు ఇద్దరికీ పరీక్ష. శ్లాబు నునుపుగా వస్తే నెరిస్సా రెండో ఏడాదికి వెళ్తుంది. రాకపోతే మళ్లీ మొదటి ఏడాదే.

చెడగొట్టినవాడే సరిచేయాలని దూరం నుంచే తీర్పు చెప్పాడు శిక్షకుడు వార్డెల్. అక్కడి రివాజు అది. ఎమిల్ తన చెక్కలు తెచ్చుకుని ఆమెకు ఎదురుగా మోకరిల్లాడు.

ఊరి పక్క సరస్సు మీది గాలికి ఆ రోజు చొరవ ఎక్కువైంది. టోపీ కింద ఆమె కట్టుకున్న తలగుడ్డ కొసనూ కాంక్రీటులోని తడినీ ఒకేసారి లాక్కుపోతోంది. ఎమిల్ గుంట పూడ్చాడు. పూడ్చిన చోటు అంచు కనబడింది. గీకేసి మళ్లీ పూడ్చాడు.

"నీది ఆరిపోతోంది," అంది నెరిస్సా.

"తెలుసు."

ఆ తర్వాత ఆమె అతన్ని తొందరపెట్టలేదు. రెండు తాపీలు ఎదురెదురుగా అర్ధచంద్రాలు గీస్తూ పోయాయి. ఇద్దరూ ఒకేసారి వంగినప్పుడు టోపీలు ఢీకొన్నాయి. ఎవరూ క్షమాపణ అడగలేదు. ఇద్దరూ నవ్వారు.

వార్డెల్ వంగి, వెలుతురు వైపు తల తిప్పి, నెరిస్సా శ్లాబును చాలాసేపు చూశాడు. రెండో ఏడాదికి రమ్మన్నాడు. ఎమిల్ శ్లాబు నునుపు కాకముందే గరుకు రాయి అయిపోయింది. దాని మీద కారు జారదని మెచ్చుకుని, ఇంకొక్క అవకాశమంటూ, పగలగొట్టి వచ్చే శనివారం కొత్తది పోయమన్నాడు.

అందరూ వెళ్లిపోయారు. ఎమిల్ డ్రిల్లు మోసుకొచ్చేసరికి నెరిస్సా రక్షణ కళ్లద్దాలు పెట్టుకుని అక్కడ నిలబడి ఉంది.

"జాలా?" అన్నాడు.

"జాలైతే రెండు మంచి మాటలు చెప్పి ఇంటికి పోయేదాన్ని. అది ఇలా ఇవ్వు."

ఇచ్చాడు. వచ్చే శనివారం ఆమెకు సెలవు కదా అన్నాడు. అయినా వస్తానంది. ఎందుకని అడిగాడు.

"నువ్వు ఎదురుగా ఉంటే పని బాగా సాగుతోంది."

"అంతేనా?"

నెరిస్సా డ్రిల్లు మొన కాంక్రీటుకు ఆనించింది.

"అంతే కాదు," అని, అతను నోరు తెరిచేలోపే డ్రిల్లు నొక్కింది.

ఆ మోతలో ఎమిల్ ఏదో అంటూనే ఉన్నాడు. ఒక్క మాటా వినబడలేదు. ఆమె మాత్రం ప్రతిదానికీ తల ఊపింది.