పేరడగడానికి వచ్చినవాడు

నాకు మొదట్నుంచీ అనుమానం ఎక్కువ. సౌదీలో అల్ ఖర్జ్ డెయిరీలో తొమ్మిదేళ్లు పనిచేసినా వాసన చూడకుండా గ్లాసెడు పాలు తాగను. అలాంటివాణ్ణి, నా ఇకామా తీసి ఇంకొకడి చేతిలో ఎలా పెట్టానో నాకే తెలీదు. గల్ఫులో నివాస కార్డు అప్పివ్వడమంటే కొరివితో తల గోక్కోవడమే.

ఖాసిం మా రూములోనే ఉండేవాడు. సౌదీవాళ్లకి సరిపడా ఉద్యోగాలివ్వలేదని వాడి కంపెనీ నితాకత్‌లో రెడ్డు లిస్టులో పడింది. పరాయి దేశం పనివాళ్ల మీద వేసే లెవీ కట్టలేక ఎవరి ఇకామాలూ రెన్యూవల్ చేయించలేదు. వాడు మా బాయిలర్ రూములో దొంగచాటుగా పనిచేస్తుంటే ఆవిరి పైపు పగిలి ముఖం, చేతులు కాలిపోయాయి. ఆసుపత్రిలో చెల్లని కార్డు చూపిస్తే పోలీసులకి పట్టిస్తారని మా క్యాంపులో అందరికీ భయం. జ్వరమొస్తే ఒకడి కార్డు మీద ఇంకొకడు మందులు తెచ్చుకోవడం మాకు అలవాటే. అలా ఖాసిం, మస్తాన్ వలీ పేరుతో, అంటే నా పేరుతో, ఆసుపత్రి మంచమెక్కాడు. తల నుంచి నడుం దాకా కట్లే. ఫొటోతో పోల్చి చూద్దామన్నా ముఖం కనబడదు.

పది రోజులకి మా కంపెనీ కూడా లెవీ భరించలేనని నాకు ఫైనల్ ఎగ్జిట్, అంటే ఇక తిరిగి రాకుండా వెళ్లిపొమ్మనే ముద్ర, కొట్టించింది. ఊళ్లో నా భార్య అమీనా ఎదురుచూస్తోంది. పోయినసారి సెలవు మీద వెళ్లొచ్చాక పుట్టిన కూతుర్ని ఇంతవరకు ఎత్తుకోనే లేదు. కార్డు లేకపోతే ప్రయాణం లేదు. ఆసుపత్రికి వెళ్లి ఖాసిం దిండు కింద నుంచి లాక్కున్నాను. లాక్కున్నాననే చెప్పాలి, వాడి వేళ్లు దాని మీదే ఉన్నాయి.

కట్ల మధ్యలోంచి గుసగుసగా అడిగాడు. "అన్నా, నన్ను ఏం పేరుతో పొమ్మంటావు?"

కార్డు జేబులో వేసుకున్నాను. తడిగుడ్డతో గొంతు కోయడమంటే ఇదే అని తెలుసు. అయినా రూముకి వచ్చేసి, కార్డు నా దిండు కింద పెట్టుకున్నాను.

ఆ శుక్రవారం మధ్యాహ్నం మా రూములోనే ఉండే సర్దార్ టీవీలో పాత నలుపు తెలుపు సినిమా పెట్టాడు. రాయచోటి మనిషి, దేనికైనా నవ్వుతాడు. ఈజిప్టు శవం లేచి తిరిగే కథ, అందులోనూ రెండో భాగం. మొదటి భాగంలో తగలబెట్టారట, అయినా మళ్లీ లేచింది. శవపెట్టె మీద తన పేరు గీకేసినవాడి కోసం కట్లు ఈడ్చుకుంటూ వస్తోంది. పేరు లేకుండా పైలోకంలోకి రానివ్వరట.

"సచ్చినోనికి గూడా ఇకామా కావాలంట, సూడన్నా," అన్నాడు సర్దార్.

నాకు నవ్వు రాలేదు. వాడు ఆవులకి మేత వేయడానికి షెడ్డుకి వెళ్లగానే ఫోన్ మోగింది. ఆసుపత్రి నర్సు ప్రేమజ్యోతి, ఏలూరు అమ్మాయి; ఖాసింని చేర్పించినప్పుడు నా నంబరే ఇచ్చాను. కట్లతో ఉన్న పేషెంటు, అంటే ఖాసిం, ఇందాకే పోయాడని చెప్పింది. కార్డు కనబడట్లేదట. తన అసలు పేరు వేరే అని నిన్న ఆమెతో అన్నాడట.

"ఏ పేరు రాయమంటారండి?"

నా పేరు రాస్తే నా ప్రయాణం ఆగిపోతుంది. వాడి పేరు చెబితే కార్డు ఎవరిదని అడుగుతారు.

"నాకు తెలీదమ్మా. అతనెవరో నాకు తెలీదు," అని ఫోన్ పెట్టేశాను.

సాయంత్రం అసర్ నమాజు వేళకి ఇసుక గాలి లేచింది. కిటికీ ముందు పసుపుగా, తర్వాత ఎర్రగా, ఆ తర్వాత పూర్తిగా నల్లగా అయిపోయింది. కరెంటు పోయింది. టీవీ ఆగింది.

ఈడ్చే చప్పుడు ఆగలేదు.

గాలి అనుకున్నాను... గాలి ఆగి ఆగి నడవదు. వరండాలో ఒక అడుగు. తర్వాత గుడ్డ ఈడ్చినట్టు. మళ్లీ అడుగు... కాలిన పాల వాసన. దాని వెనక ఆసుపత్రి మందు వాసన. తలుపు గడియ లోపలి నుంచి వేసే ఉంది. చేత్తో తడిమి చూశాను కూడా.

"అన్నా..."

గొంతు తలుపు అవతల కాదు. నా మంచం దగ్గర.

కళ్లు మూసుకుని గోడకి అతుక్కుపోయాను. దిండు కదిలిన చప్పుడు. అంతే.

కరెంటు వచ్చాక దిండు ఎత్తాను. నా ఇకామా లేదు. దాని చోట గడువు తీరిన ఖాసిం కార్డు ఉంది.

నా అనుమానమంతా సర్దార్ మీదే. వాడి పెట్టె బోర్లించాను, జేబులు వెతికాను. వాడు ఖురాను మీద ఒట్టేశాడు. నేను నమ్మలేదు. నా దుప్పటి మీద తడి ఆరని కట్టు గుడ్డ ముక్క చూపించి, ఇది నాదా అన్నా అని అడిగాడు.

ఆదివారం మందూబ్, అదే మా కంపెనీ కాగితాలు చూసే ఈజిప్టు అతను, నన్ను పాస్‌పోర్టు ఆఫీసుకి తీసుకెళ్లాడు. మిషన్ మీద వేలు పెట్టాను. స్క్రీను వైపు చూసి అతని ముఖం మారిపోయింది. మస్తాన్ వలీ శుక్రవారం రాత్రే రియాద్‌లో విమానం ఎక్కాడట. వేలిముద్ర సరిపోయిందట. ఇప్పుడు నేను పెట్టిన వేలు ఖాసిందట. నా వైపు చూసి ఒక అడుగు వెనక్కి వేశాడు.

బయటికి పరిగెత్తి అమీనాకి ఫోన్ చేశాను. నేను, నేను అన్నాను. ఆమె గొంతు తగ్గించింది.

"ఎవరు నువ్వు? మా ఆయన నిన్న పొద్దన్నే వచ్చినాడు. మొగమంతా కట్లు. పాపనెత్తుకోని పండుకోనుండాడు."

అమీనా, వాణ్ణి పాప దగ్గర్నుంచి లేపు అని అరవబోయాను. ఆమె వెనక మంచం కిర్రుమంది.

"ఎవరంట?" అని నిద్రమత్తులో ఒక గొంతు. "పేరడుగు."

ఆ గొంతు నాదే.