తెల్ల ఫిల్టర్లు

ఫ్రీజరు రెండు అరలూ ఖాళీ. పై అరలో ఏడాది పొడవునా కొండగాలి పీల్చి నల్లబడిన ఫిల్టర్లు ఉండాలి. కింది అరలో తెల్లవి ఉండాలి. చివరికి ఐస్ ప్యాకులు కూడా లేవు.

తాళం పగలలేదు. తాళంచెవులు ఉన్నది ముగ్గురి దగ్గరే. గాలిలోని మసినీ దుమ్మునూ కొలిచే ఆ కొండమీది కేంద్రంలో పనిచేసేదీ ఆ ముగ్గురే.

ఇన్‌స్పెక్టర్ జీపు దిగేసరికి పరిశోధకురాలు మెట్ల మీద కూర్చుని ఉంది. ఏడ్చి ఏడ్చి ఆమె మొహం వాచిపోయింది.

“ఎప్పుడు చూశారు?”

“పొద్దున ఏడున్నరకి మేడమ్. ల్యాబుకి పంపాలని వ్యాన్ పిలిపించాను.”

“ఇవాళ పంపకపోతే?”

“పరీక్షించే మెషిన్ మళ్ళీ ఆరు నెలలకి గానీ దొరకదు. వచ్చే నెలే పర్మనెంట్ పోస్టుకి ఇంటర్వ్యూ. ఫలితాలు లేకుండా ఏ మొహం పెట్టుకుని వెళ్ళను? ముప్ఫై ఆరేళ్ళొచ్చాయి. నాలుగు కాంట్రాక్టులు, నాలుగు ఊళ్ళు. ఎక్కడా పక్కింటివాళ్ళ పేర్లు తెలిసేంతకాలం ఉండలేదు.”

బదిలీల మీదే బతికే ఇన్‌స్పెక్టరుకి ఆ మాట గుచ్చుకుంది. పెన్ను మూత పెట్టింది.

కేంద్రానికి పెద్ద అయిన ప్రొఫెసర్ టీ కప్పులతో వచ్చాడు. భార్య పోయాక ఆయన కొండ దిగడమే మానేశాడు.

“పోనీలేమ్మా, ఏడవకు. ఇంకో ఏడాది ఇక్కడే ఉండి మళ్ళీ తీద్దాం.”

పరిశోధకురాలు టీ ముట్టలేదు.

మూడో మనిషిని అందరూ కబుర్లపోగు అంటారు. అదే పోస్టుకి అతనూ అప్లై చేశాడు. అనుమానం సహజంగానే అటు తిరిగింది.

“రాత్రి ఎక్కడున్నారు?”

“నా గదిలో. ఈ కొండ మీద ఇంకెక్కడుంటాం మేడమ్, సినిమాకెళ్తామా?”

“ఆమె రిజల్ట్స్ రాకపోతే పోస్టు మీదేగా?”

“ఆవిడ పని చెడగొట్టాలంటే ఇంత మోత దేనికండీ? తెల్లవి నాలుగు తీసి చెత్తబుట్టలో వేస్తే చాలు. నల్లవన్నీ ఉన్నా ఎందుకూ కొరగావు.”

“తెల్లవి వాడనివి కావా?”

“అందరూ అలాగే అనుకుంటారు. వాటినీ గాలి లాగే మెషిన్లో పెట్టి తీస్తాం, పంపు మాత్రం వేయం. మన చేతుల నుంచీ డబ్బా నుంచీ ఎంత మురికి అంటిందో అవి చెబుతాయి. ఆ లెక్క తీసేస్తేనే గాలిలో మసి ఎంతో తేలేది.”

ఇన్‌స్పెక్టర్ వెళ్ళి ఫ్రీజరు కింది అర మరోసారి చూసింది. తర్వాత ముగ్గురినీ ఆఫీసు గదిలోకి పిలిచింది.

“కింది అర కూడా ఖాళీ అయిన సంగతి నేను పట్టించుకోలేదు. పొరపాటు నాదే. దొంగ తెల్లవి కూడా పట్టుకెళ్ళాడు, ఐస్ ప్యాకులతో సహా. నాశనం చేసేవాడికి అంత జాగ్రత్త దేనికి? ఫిల్టర్లు చెక్కుచెదరకూడదు, కానీ ఇవాళ కొండ దిగకూడదు. పోటీదారైతే తెల్లవి నాలుగు పారేస్తే సరిపోయేది, ఇలా అన్నీ భద్రంగా దాచి దొరికిపోడు. మరి ఈమె ఇంకో ఏడాది ఇక్కడే ఉండడం ఎవరికి కావాలి?” ఆమె తల తిప్పింది. “సార్, మీ ఇంట్లో ఫ్రిజ్ చూడొచ్చా?”

ప్రొఫెసర్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

“అక్కర్లేదు. అక్కడే ఉన్నాయి.”

“సార్, మీరా?” పరిశోధకురాలు లేచి నిలబడింది.

“ఇవి వెళ్తే ప్రాజెక్టు అయిపోతుంది. మీరిద్దరూ వెళ్ళిపోతారు. కొత్తవాళ్ళని వేయరట. ఇంక నేనూ, ఆ పంపు చప్పుడూ. నాకు భయమేసిందమ్మా.”

“నా ఉద్యోగం పోతుందని తెలీదా?”

“తెలుసు. తెలిసే చేశాను.”

“ఉండమని ఒక్కమాట అడగొచ్చుగా?”

“అడిగితే కాదంటావు. ఇలాగైతే, నాకోసం కాకపోయినా పనికోసం ఉండేదానివి.”

కబుర్లపోగు ప్రొఫెసర్ ఇంటికి వెళ్ళి ఫిల్టర్ల పెట్టె తెచ్చాడు. పరిశోధకురాలు ఫిల్టర్లన్నీ సరిచూసుకుంది. ఒక్కటి కూడా పాడవలేదు.

“కంప్లయింట్ ఉంచమంటారా?” అడిగింది ఇన్‌స్పెక్టర్.

“వద్దు, తీసేయండి మేడమ్.” ఆమె పెట్టె ఎత్తుకుంది. “సార్, ఇంటర్వ్యూకి మీరు సిఫార్సు ఉత్తరం రాస్తానన్నారు. ఇక రాయకండి.”

ప్రొఫెసర్ తలూపాడు.

వ్యాన్ మలుపు తిరిగేదాకా ఆయన గుమ్మంలోనే నిలబడ్డాడు. ఇన్‌స్పెక్టర్ టోపీ తీసి పక్కనే నిలబడింది. జీపు తయారుగానే ఉంది. ఆమెకూ ఇంట్లో ఎదురుచూసేవాళ్ళెవరూ లేరు.